కావడి మోసినాయన పేరేమిటి?

సూసాలో ఒక చక్రవర్తి రాయించిన సరుకుల జాబితా, పెర్సెపోలిస్ మెట్ల మీద మనకు తెలిసిన కావడి, అమరావతి రాతి మీద ఒక తోలుపనివాడి పేరు. సుల్తాన్ బజార్ చీరల కొట్లో మొదలైన కథనం.

సోమవారం పొద్దున్నే ఎడిటర్ గారు ఫోన్ చేశారు. "వచ్చే ఆదివారం ముఖచిత్ర కథనం మీరే రాయాలి. సుమేరియన్లు, అస్సీరియన్లు, పర్షియన్లు. వాళ్ల శిల్పం, వాళ్ల కట్టడాలు. గురువారం సాయంత్రానికి నా బల్ల మీదుండాలి" అన్నారు. మూడు నాగరికతలు, మూడు వేల ఏళ్లు. నా చేతిలో నాలుగు రోజులు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి కూర్చున్నాను. చుట్టూ అశోక్‌నగర్ గదుల నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లలు. నేను ముందేసుకున్న బొమ్మ చూసి పక్క కుర్చీ అబ్బాయి "ఊర్ జిగ్గురాట్ కదా మేడమ్?" అన్నాడు. అవునన్నాను. అతను మళ్లీ తన నోట్సులోకి వెళ్లిపోయాడు. రెండు రోజులు రాజుల పేర్లు, తేదీలు, కొలతలు రాసుకున్నాను. పుటలు నిండాయి గానీ ఒక్క మనిషి ముఖం కనపడలేదు.

బుధవారం పిన్ని పిలిచింది. చెల్లెలి పెళ్లి చీరలకు సుల్తాన్ బజార్ రమ్మంది. జిరాక్సు కాగితాల సంచీతోనే మెట్రో ఎక్కాను. నారాయణగూడ దాటితే సుల్తాన్ బజారే. కొట్టాయన తెల్ల పరుపు మీద గద్వాల చీర పరిచి, అంచు మీద చెయ్యేసి చెప్పుకుపోతున్నాడు. "ఒళ్లంతా నూలు, అంచు పట్టు అమ్మా. పట్టు బెంగళూరుది, జరీ సూరత్‌ది, నేత మాత్రం గద్వాలది. ఆ నేత ఇంకెక్కడా రాదు."

ఆ మాట వినగానే చెయ్యి దానంతటదే సంచీలోకి పోయింది. పొద్దున చదివి, సరిగా పట్టించుకోకుండా మడిచి పెట్టిన కాగితం ఒకటి ఉంది. సరిగ్గా ఇదే తీరులో, 2,500 ఏళ్ల కిందట ఒక చక్రవర్తి తన ఇంటి గురించి చెప్పుకున్నాడు.

సూసా జాబితా

ఆయన పేరు డేరియస్. ఊరు సూసా, ఇప్పటి ఇరాన్‌లో నైరుతి మూలన ఉంది. అక్కడ రాజమందిరం కట్టించి, దేనికి ఏ దేశం ఏం ఇచ్చిందో పాత పర్షియన్, ఎలామైట్, బాబిలోనియన్ అనే మూడు భాషల్లో పలకల మీద రాయించాడు. ఫ్రెంచి పురావస్తు బృందాలు ముక్కలు ముక్కలుగా దొరికినదాన్ని అతికించి చదివాయి. 1970లో అదే మందిరంలో పునాది పలకలు మరో రెండు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

జాబితా పునాది తవ్వకంతో మొదలవుతుంది. గట్టినేల తగిలేదాకా తవ్వారట. ఆ గుంతలో గులకరాయి నింపారు, కొన్నిచోట్ల 40 మూరల లోతు, కొన్నిచోట్ల 20 మూరలు. మన మేస్త్రీలు ఇప్పటికీ నేల గట్టిదనం చూశాకే మాట్లాడతారు. చక్రవర్తి కూడా అక్కడే మొదలుపెట్టడం నాకు నచ్చింది.

తర్వాత సరుకు. దేవదారు లెబనాన్ కొండల నుంచి వచ్చింది. దాన్ని అస్సీరియన్లు బాబిలోన్ దాకా తెస్తే, అక్కణ్నించి కారియన్లు, అయోనియన్లు సూసాకు చేర్చారు. ఇంకో గట్టి కలప గాంధారం నుంచి, కర్మానియా నుంచి వచ్చింది. అది శీషం కలప అని పండితులు గుర్తించారు. బంగారం సార్డిస్ నుంచి, బాక్ట్రియా నుంచి. నీలం రాయి లాజవర్దం, ఎర్రని కార్నీలియన్ సొగ్డియానా నుంచి. వెండి, నల్లచేవ కర్ర ఈజిప్టు నుంచి. ఏనుగు దంతం ఇథియోపియా నుంచి, అరకోసియా నుంచి, హిందూష్ నుంచి. హిందూష్ అంటే సింధు నది ఒడ్డున ఉన్న మన సీమ. స్తంభాల రాయి ఎలాం దేశంలో అబిరాదు అనే పల్లెది. చక్రవర్తి పలకలో ఒక పల్లె పేరు ఉందంటే, ఆ రాయి ఎంత మేలైనదో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత చేతులు. రాయి చెక్కినవాళ్లు అయోనియన్లు అనే గ్రీకులు, లిడియన్లు. బంగారం పని మీదులది, ఈజిప్షియన్లది. కర్రపని లిడియన్లది, ఈజిప్షియన్లది. ఇటుక కాల్చింది బాబిలోనియన్లు. గోడలకు అలంకారం చేసింది మళ్లీ మీదులు, ఈజిప్షియన్లు.

ఈ పలక చదివాక 'పర్షియన్ శిల్పం' అనే మాటను పాత అర్థంలో వాడలేకపోతున్నాను. పర్షియాది ఆజ్ఞ. ఉలి గ్రీకులది, ఆవం బాబిలోన్‌ది, కొలిమి ఈజిప్టుది, దంతం మనది. ఇన్ని చేతులు ఒక్క కప్పు కింద కలిశాయి. అయితే ఆ చేతుల్ని పిలిచి తెచ్చారో, పట్టి తెచ్చారో పలక చెప్పదు. ఒక్క పనివాడి పేరూ చెప్పదు. దేశాల పేర్లతోనే సరిపెట్టింది.

మెట్ల మీద మనవాళ్లు

డేరియస్‌దే మరో ఊరు పెర్సెపోలిస్. పని మొదలైంది దాదాపు క్రీ.పూ. 518లో. అక్కడి అపదాన సభామందిరానికి 72 స్తంభాలు, నేడు నిలిచినవి 13. ఆ మందిరం మెట్ల గోడ మీద 23 దేశాల ప్రతినిధి బృందాలు కానుకలతో నడిచి వస్తుంటాయి. అందులో భారతీయుల బృందం ఒకటి.

ఆ ఫొటోను భూతద్దం పెట్టి చూశాను. ముందు నడిచే పెద్దమనిషి ఒంటి నిండా వస్త్రం కప్పుకున్నాడు, కాళ్లకు చెప్పులున్నాయి. వెనకవాళ్లకు పై బట్ట లేదు, నడుముకు పంచె, ఒట్టి కాళ్లు. ఒకరు గాడిదను తోలుకొస్తున్నారు. ఒకరి చేతుల్లో గొడ్డళ్లు. ఆ మధ్యలో ఒకాయన భుజం మీద కావడి! బద్దకు రెండు వైపులా రెండు బుట్టలు, బుట్టల్లో మూత కట్టిన చిన్న కుండలు. అందులో ఉన్నది బంగారు రజను అయ్యుంటుందంటారు. ఏటా 360 టాలెంట్ల తూకం బంగారు రజను భారతీయులు కప్పం కట్టేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

రాజుల్ని రెండు రోజులు చూసినా కలగని దగ్గరితనం ఆ కావడి దగ్గర కలిగింది. సుబ్రహ్మణ్యస్వామి గుడికి మొక్కు మోసే కావడి, నీళ్ల కావడి, మా తాత చెప్పిన పాల కావడి ఇంత దూరం నడిచాయా అనిపించింది.

ఒక్క గుక్కలో చరిత్ర

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల దిగువన రాయి లేదు, మంచి కలప లేదు, ఉన్నదల్లా ఒండ్రుమట్టి. ఆ మట్టితోనే సుమేరియన్లు ఉరుక్ లాంటి నగరాలు కట్టారు, మట్టి పలకల మీద రాత నేర్చారు, క్రీ.పూ. 21వ శతాబ్దంలో ఊర్-నమ్ము రాజు చంద్రదేవుడికి ఊర్‌లో జిగ్గురాట్ అనే మెట్ల గోపురం లేపాడు. ఎగువన అస్సీరియన్లకు రాయి దొరికింది. కల్హు, నినెవే మందిరాల గోడల నిండా యుద్ధాలు, సింహాల వేట చెక్కించారు, వాకిళ్లలో మనిషి తల ఉన్న రెక్కల ఎద్దుల్ని కాపలా పెట్టారు. క్రీ.పూ. 612లో నినెవే కూలింది. 539లో పర్షియా రాజు సైరస్ బాబిలోన్‌ను పట్టాడు. 330లో అలెగ్జాండర్ పెర్సెపోలిస్‌ను తగలబెట్టించాడు.

కల్హు విందు

డేరియస్ లాగే లెక్కలు రాయించినవాడు అస్సీరియా రాజు రెండో అషుర్‌నాసిర్‌పాల్. కల్హులో కొత్త మందిరం గృహప్రవేశానికి పది రోజులు విందు పెట్టి, లెక్కంతా శిల మీద చెక్కించాడు. 1951లో దొరికిందా శిల. దేశమంతటి నుంచి పిలిచిన ఆడా మగా 47,074 మంది, పరదేశాల రాయబారులు 5,000, కల్హు పౌరులు 16,000, మందిర సిబ్బంది 1,500. మొత్తం 69,574. వంటకాల జాబితా అంతకంటే పొడవు. గుడ్లే 10,000. అతిథులకు స్నానాలు చేయించి, నూనె రాసి, సంతోషంగా ఇళ్లకు పంపానని రాసుకున్నాడు.

1845

బ్రిటిష్ అన్వేషకుడు ఆస్టెన్ హెన్రీ లేయార్డ్ అస్సీరియా కల్హులో పలుగు వేసింది ఆ ఏడాది నవంబరులో. గుంటూరు సీమ అమరావతిలో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ బౌద్ధ స్తూపం తవ్వించిందీ 1845లోనే. రెండు చోట్ల నుంచీ శిల్పాలు ఓడలెక్కి లండన్ బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అక్కడ అస్సీరియా రెక్కల ఎద్దులు, అమరావతి పాలరాతి రంగు పలకలు ఒకే కప్పు కింద ఉన్నాయి.

తిలక్ రోడ్డులో

సుల్తాన్ బజార్‌కు దగ్గర్లోనే, తిలక్ రోడ్డులో, పర్షియా మూలాలున్న పార్శీల దర్-ఎ-మెహెర్ ఉంది. 1904 నాటి అగ్ని ఆలయం, చినాయ్ కుటుంబం పేరు మీద ఉంది. సికింద్రాబాద్‌లో ఉన్నది ఇంకా పాతది, 1847 నాటిది. పార్శీలు కానివారికి లోపలికి ప్రవేశం లేదు, ఆ కట్టుబాటును గౌరవించి గేటు బయటి నుంచే చూశాను. ముంబై ఫోర్ట్‌లోని మానెక్‌జీ సేఠ్ అగియారీ అనే అగ్ని ఆలయం ముందు మాత్రం అస్సీరియా రెక్కల ఎద్దులే ద్వారపాలకులు. నినెవే కూలినా ఆ ఎద్దు పని మానలేదు.

అరువు కాదు, అల్లిక

మన స్తంభాల మీద 'పర్షియా ప్రభావం' అని పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ మాట నాకు చాలదు. పెర్సెపోలిస్ స్తంభాన్ని ముక్కలుగా పేర్చారు, ఒంటి మీద నిలువు గాడులు తీశారు, గంట ఆకారాన్ని పాదం దగ్గర పెట్టారు. అశోకుడి స్తంభం ఏకశిల, ఒళ్లు నున్నన, గంట తల మీదికి ఎక్కింది. అమరావతి పలకల మీద చెక్కిన స్తంభాల్లో ఆ గంట పైన వీపులు ఆనించుకున్న జంతువులు కూర్చున్నాయి. పక్కనే రెక్కల సింహాలు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల మందిరం స్తంభం మీదైతే గడ్డం, పొడుగు చేతుల అంగీ, చేతిలో ఈటెతో ఒక పరదేశి సైనికుడు ఉన్నాడు. 1938లో తన గ్రంథంలో లాంగ్‌హర్స్ట్ అతన్ని శకుడిగా గుర్తించాడు. అరువు తెచ్చుకున్నవాడు ఉన్నదున్నట్టు పెట్టుకుంటాడు. మన శిల్పి అంచు అక్కడిది తీసుకున్నా, ఒళ్లు తనే నేశాడు.

సూసా పలక దాచినదాన్ని అమరావతి రాయి చెప్పింది. ఒక పలక మీద పూర్ణఘటం చెక్కి ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో మనం చూసే పూర్ణఘటానికి మూలం అమరావతి శిల్పమే. ఆ పలక మీద ప్రాకృతంలో ఒక దాన శాసనం ఉంది. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు, విధికుడనే తోలుపనివాడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి ఇచ్చిన పలక అది. తండ్రి పేరే కొడుక్కి పెట్టుకున్నాడు. మన ఇళ్లలో తాత పేరు పెట్టుకున్నట్టే.

ఇన్ని దేశాల సరుకు లెక్క రాయించిన చక్రవర్తి ఒక్క పనివాడి పేరూ రాయించలేదు. ఒక్క పలకకు డబ్బిచ్చిన తోలుపనివాడు ఇంటిల్లిపాదినీ రాతికి ఎక్కించాడు. ఈ రెండింట్లో ఏది గొప్ప కళాచరిత్ర అని నన్నడిగితే, క్షణం ఆలోచించకుండా అమరావతి వైపే చూపిస్తాను.

కొట్లో పిన్ని చీర ఖాయం చేసింది. బిల్లు రాస్తున్న కొట్టాయనను అడిగాను. "పట్టు ఎక్కడిదో చెప్పారు, జరీ ఎక్కడిదో చెప్పారు. నేసిందెవరండీ?"

కలం ఆపి నావైపు చూశాడు. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. చీర మడత తిప్పి, సంచీ మీది గుర్తు చూసి, గద్వాలకు ఫోన్ చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. "కనుక్కొని చెప్తా" అని బిల్లు వెనక నా నంబరు రాసుకున్నాడు.

ఈ కథనం అచ్చుకు వెళ్లేవేళకు ఆ ఫోన్ ఇంకా రాలేదు. వచ్చాక, ఆ నేతగాడు ఒప్పుకుంటే, వచ్చే ఆదివారం ఇదే పుటలో ఆయన పేరు వేస్తాం.