సముద్రం లేని ఊరి నుంచే సునామీ కబురు

పావగడ: సునామీతో మనకేం పని? సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న తాలూకా మనది. వాన కోసం మొగులు చూసే జనానికి అలల భయం ఏముంటుంది! అయినా 2023 అక్టోబరు 12న కర్ణాటకలో సెల్‌ఫోన్లు ఒక్కసారిగా బీప్‌మని గట్టిగా మోగాయి. తెర మీద అత్యవసర హెచ్చరిక. జనం కంగారుపడ్డారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, టెలికాం శాఖ కలిసి చేసిన పరీక్ష అది. సునామీ వస్తే తీరంలోని ఫోన్లకు కబురు అందాల్సిన దారి కూడా అదే.

రెండు గంటల సమయం వృథా

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర వేళ సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. అలలు చెన్నై, నాగపట్నం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంటే పావగడలో బస్సెక్కి తుమకూరులో దిగేంత సేపు. ఆ సమయంలో ఒడ్డున ఉన్నవాళ్లకు ఒక్క మాట చెప్పిన వారు లేరు. పసిఫిక్ మహాసముద్రానికి హెచ్చరిక కేంద్రం ఉంది, హిందూ మహాసముద్రానికి లేదు. మన దేశంలో పదివేల మందికి పైగా చనిపోయారు. ఆంధ్ర తీరంలోనూ వందమందికి పైగా పోయారు.

మరుసటి ఏడాదే, 2005 డిసెంబరులో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ప్రధాని అధ్యక్షులుగా జాతీయ సంస్థ ఏర్పడింది. సునామీపై 2010లో అది మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ఈ సంస్థ అలలను కొలవదు. ఎవరు కొలవాలి, ఎవరికి చెప్పాలి, ఎవరు జనాన్ని కదిలించాలి అన్న లెక్క చూస్తుంది.

కొలిచేది హైదరాబాద్‌లో

కొలిచే పని హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌ది. సముద్రం కనుచూపు మేరలో లేని ఊళ్లో 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. రాత్రీ పగలూ షిఫ్టుల్లో పనిచేస్తారు. మనకు ప్రమాదం రెండు వైపుల నుంచి: తూర్పున అండమాన్-సుమత్రా, పడమర పాకిస్తాన్-ఇరాన్ తీరంలోని మక్రాన్. 1945లో మక్రాన్ వైపు నుంచి సునామీ వచ్చింది.

భూకంపం రాగానే కొద్ది నిమిషాల్లో మొదటి బులెటిన్. ముందే లెక్కగట్టి పెట్టుకున్న నమూనాల్లోంచి దానికి సరిపోయేది తీసి, ఏ తీరానికి ఎంత ఎత్తు అల, ఎన్ని గంటలకు అన్నది చెబుతారు. అసలు పరీక్ష తర్వాతే. సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలు, తీరంలోని అలల మీటర్లు నీరు నిజంగా లేచిందా అని తేలుస్తాయి. అల రెండు మీటర్లు దాటుతుందంటే ‘వార్నింగ్’, జనాన్ని ఖాళీ చేయించాలి. అర మీటరు నుంచి రెండు మీటర్లయితే ‘అలర్ట్’, ఒడ్డుకు పోరాదు. అంతకన్నా తక్కువైతే ‘వాచ్’. కబురు కేంద్ర హోంశాఖకు, జాతీయ సంస్థకు, రాష్ట్రాల కంట్రోల్ రూములకు, అక్కడి నుంచి కలెక్టర్లకు, మన దగ్గరైతే జిల్లాధికారికి చేరుతుంది.

2012 ఏప్రిల్ 11న దీనికి పెద్ద పరీక్షే వచ్చింది. సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం. బెంగళూరులోనూ ఇళ్లు ఊగాయి. చెన్నైలో జనం రోడ్ల మీదికి వచ్చారు. భూమి పక్కకు జరిగింది గానీ పైకి లేవలేదు కాబట్టి పెద్ద అలలు రాలేదు. అనవసరంగా తీరాలన్నీ ఖాళీ చేయించకపోవడం కూడా హెచ్చరిక కేంద్రం పనే మరి!

ఒడిశాలో మనవాళ్లు

యంత్రం ఎంత గొప్పదైనా చివరి మైలు ఊరివాళ్లదే. ఒడిశా గంజాం తీరంలో తెలుగు మాట్లాడే నోళియా మత్స్యకారుల పల్లెలు చాలా ఉన్నాయి. ఆ జిల్లాలోని వెంకట్రాయపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోళియాసాహి 2020లో యునెస్కో నుంచి ‘సునామీ రెడీ’ గుర్తింపు పొందాయి. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో ఇవే మొదటివి. ఎటు పరుగెత్తాలో బోర్డులు, ముంపు మ్యాపు, ఊరి కమిటీ, ఏటా మాక్‌డ్రిల్. ఇంతే, కానీ ఇదే కష్టం. 2024లో ఒడిశాలో మరో 24 గ్రామాలకు ఈ గుర్తింపు దక్కింది.

మన సరిహద్దు సంగతి?

పావగడకు సునామీ రాదు. కానీ పిడుగు, కుండపోత, వరద హెచ్చరికలు ఇదే దారిలో వస్తాయి. ఇక్కడి పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు లిపులూ చదవని పెద్దవాళ్లు, గొర్రెల వెంట గుట్టల్లో తిరిగేవాళ్లు ఉన్నారు. సరిహద్దు ఊళ్లలో ఫోను ఒకసారి కర్ణాటక టవర్‌కు, ఒకసారి ఆంధ్ర టవర్‌కు తగులుకుంటుంది. కబురు ఏ భాషలో రావాలి? రెండింటిలోనూ రావాలనే ఇక్కడివాళ్లు అడగాలి. నాగలమడికె దగ్గర ఉత్తర పినాకిని పొంగితే ఆ నీరు గీత దాటి పేరూరు డ్యాంకే పోతుంది. అప్పుడు తుమకూరు అధికారి మాట శ్రీసత్యసాయి జిల్లా అధికారికి ఎంత త్వరగా చేరుతుందన్నదే ముఖ్యం.

ఫోన్ సెట్టింగుల్లో అత్యవసర హెచ్చరికలను ఆపేసుకున్నవారు తిరిగి పెట్టుకోవచ్చు. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, రాష్ట్రానిది 1070.