ఇల్లు చిన్నదైతే పిల్లగాడు హాస్టల్‌కేనా?

బడులు తెరిచే జూన్ వచ్చిందంటే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక ఉచిత సలహా ఇల్లిల్లూ తిరుగుతుంది. "ఒక్క అర్రల ఐదుగురుంటే పిల్లగాడేం సదువుతడే? ఖరాబైతడు. హాస్టల్ల ఎయ్యిండ్రి." ఇల్లూ పొలమూ రిజర్వాయర్ కిందికి పోయినవాళ్లకూ ఇదే మాట. బోర్లు ఎండి ఎల్బీనగర్‌లోనో ఆరాంఘర్ అవతలో కిరాయి గదికి చేరినవాళ్లకూ ఇదే. అన్నదమ్ముల పంపకాల్లో నాలుగర్రల పెంకుటింట్లో ఒక్క అర్ర దక్కినవాళ్లకూ ఇదే. చెప్పేవాళ్లకు నోరు నొప్పి తప్ప ఖర్చేమీ లేదు. విన్నవాళ్లు మాత్రం కొత్తచోట సామాను దించిన వారానికే ఏడెనిమిదేళ్ల పిల్లల్ని రేకుపెట్టెతో సహా ఏదో ప్రైవేటు హాస్టల్‌లో దించి వస్తున్నారు. వాళ్లలో కొందరు దసరా సెలవులకు వచ్చి మళ్లీ పోమని మొండికేస్తారు. కొందరు గోడ దూకి బస్టాండులో దొరుకుతారు. ఇంకొందరు ఏ గొడవా చేయరు. భయపడాల్సింది వాళ్ల గురించే.

ముందు లెక్క చూద్దాం. ఒక అర్రలో అమ్మానాన్నలతో కలిసి ఐదుగురు పడుకుంటే అది ఇరుకట. ఒక హాలులో వరసగా పరుపులేసి నలభై మందిని పడుకోబెడితే అది క్రమశిక్షణట. ఈ గణితం ఏ బడిలో చెబుతారో తెలియదు.

ఇరుకు పిల్లలమీద ప్రభావం చూపదని అనడం లేదు. చూపుతుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్యారీ ఎవాన్స్ దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆయన కొలిచింది ఇంటి గజాలను కాదు, గదికి ఎంతమంది అన్నది. 1999లో ఆయన బృందం అచ్చువేసిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, కిక్కిరిసిన ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లలతో సరిగా మాట్లాడటం తగ్గిపోతుంది, పిల్లలు పలకరిస్తే బదులివ్వడమూ తగ్గుతుంది. అంటే ఇరుకు పిల్లవాడిదాకా వచ్చే దారుల్లో ఒకటి మన నోరు, మన విసుగు. గోడల్ని జరపడం మన చేతిలో లేదు. "జరుగు, అడ్డం రాకు, నోర్మూయ్" అన్న మాటల్ని తగ్గించుకోవడం చేతిలో ఉంది. పిల్లవాణ్ని హాస్టల్‌కు పంపితే ఆ దారి బాగుపడదు, మాట్లాడే మనిషే లేకుండా పోతాడు.

పైగా ఊళ్లో పెద్ద ఇల్లు ఉండేది సరే, అందులో పిల్లలు ఎక్కడ ఉండేవాళ్లు? ఒక అర్రలో వడ్ల బస్తాలు, ఒక అర్రలో నాయనమ్మ మంచం, ఇంకోదాంట్లో దేవుడి పటాలు, పాత సామాను. పిల్లలు ఆ ఇంట్లో తినేవాళ్లు, పడుకునేవాళ్లు. బతికిందంతా వాకిట్లో, కొట్టం దగ్గర, చెరువు కట్టమీద, ఎదురింటి చిన్నమ్మ అరుగుమీద. కాబట్టి ఊరు వదిలాక వాళ్లు పోగొట్టుకున్నది అర్రలు కాదు, నేల. పట్టణాల్లో ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. నలుగురు పిల్లాపాపలతో ఉండటానికి అదేమీ నరకం కాదు. కానీ అది మూడో అంతస్తులో ఉండి, "కిందికి పోవద్దు, ఎవరో ఏమో" అని తలుపుకు గొళ్లెం పెడితే, అప్పుడది నిజంగానే ఇరుకు.

ఇక "హాస్టల్‌లో నెల రోజులకే అలవాటు పడ్డడు, ఇప్పుడు ఏడుస్తలేడు" అన్న గొప్ప. 1950ల దాకా బ్రిటన్ ఆసుపత్రులూ ఇదే నమ్మాయి. అక్కడి పిల్లల వార్డుల్లో తల్లిదండ్రుల్ని ఎక్కువసేపు ఉండనిచ్చేవారు కాదు. పిల్లలు ముందు గుక్కపట్టి ఏడ్చి, తర్వాత ఊరుకుంటే, కుదురుకున్నారని నర్సులు సంతోషించేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాపను కెమెరాతో చిత్రించి 1952లో చూపించాక, ఆ ఊరుకోవడం కుదురుకోవడం కాదు, ఆశ వదులుకోవడం అని డాక్టర్లు మెల్లగా ఒప్పుకున్నారు. ఎనిమిదేళ్లవాడు రెండేళ్ల పాప కాదు నిజమే. కానీ ఊరు పోయింది, జతగాళ్లు పోయారు, ఆపైన అమ్మ కూడా పోయింది. ఇవన్నీ ఒకే వేసవిలో జరిగితే, వాడి మౌనాన్ని మార్కుల కింద జమ కట్టకండి.

ఇక్కడ ఎవరో ఒకరు సర్వేల్ పేరు ఎత్తుతారు. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో అప్పటి నల్లగొండ జిల్లాలోనే మొదలైన గురుకులం అది. అక్కడ చదివి పెద్ద కొలువుల్లో చేరినవాళ్ల జాబితా చదువుతారు. చదవండి. వాళ్లు పోటీ పరీక్ష రాసి, సీటు గెలుచుకుని పోయినవాళ్లు. ఇంట్లో చోటు లేదని తోలేసినవాళ్లు కాదు. ఇప్పటి సంక్షేమ గురుకులాలు కూడా ఐదో తరగతి నుంచే తీసుకుంటాయి. రెండో తరగతి పిల్లకు గురుకులాన్ని సాక్ష్యం తేవడం కుదరదు. పాలమూరు లేబర్‌గా పుణె, ముంబయికి పోయే కుటుంబాల సంగతి వేరు. బడి లేని సైటు దగ్గర రేకుల డేరాలో పెట్టుకోవడం కన్నా, సొంత ఊరి బడిలోనే నడిచే సీజనల్ హాస్టల్‌లో ఉంచడం నయం. అక్కడ పిల్లవాడి ఊరూ బడీ జతగాళ్లూ పోరు, అందుకని.

మిగతా అపోహలకు ఇంత చోటు దండగ. "పిల్లలు పది రోజుల్లో మరిచిపోతారు" అంటారు. మరిచిపోరు, అడగడం మానేస్తారు. "ఆడపిల్ల సర్దుకుంటది" అంటే సర్దుకోక ఏం చేస్తుంది, దారి చూపింది ఎవరు? నైరుతి మూల పెరిగినందుకు పిల్లవాడికి లెక్కలు రావడం లేదన్న వాస్తు పండితుడికి ఇచ్చే ఫీజుతో మంచి టేబుల్ ఫ్యాను వస్తుంది. ఫోను చేతిలో పెడితే కుదురుగా ఉంటాడన్నది నిజమే, పెద్దవాళ్లూ అలాగే ఉంటున్నారు.

ఒక్క నమ్మకం దగ్గర మాత్రం కొంచెం తగ్గాలి. ఇల్లు మారాక పిల్లలు జడుసుకుంటారని, దిష్టి తగిలిందని అవ్వలు అంటారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పితే పోతుందని, అదీ కాకపోతే అమావాస్యకు చెరువుగట్టు గుడికి తీసుకుపోవాలని చెబుతారు. దిష్టి సంగతి పక్కన పెడితే, అవ్వ కన్ను తప్పు కాదు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, అన్నం ముందు మొరాయించడం, కొంగు వదలకపోవడం, ఇవన్నీ చోటు మారిన పిల్లల్లో ఉండేవే. చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతాయి. డాక్టరు "ఏం లేదు" అని పంపేసినదాన్ని అవ్వ ముందే పట్టుకుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, పేరు పెట్టి పిలిచి, తల చుట్టూ మూడుసార్లు తిప్పినంతసేపు ఆ పిల్ల ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది. మందు అదే అనుకుంటే నాకు పేచీ లేదు. జ్వరం ఉంటే మాత్రం దవాఖానకే. నెలలు గడిచినా తిండీ నిద్రా కుదుటపడకపోయినా, చచ్చిపోతా లాంటి మాటలు వచ్చినా 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

గది ఒక్కటే అయినా చేయగలిగినవి ఉన్నాయి. ఊరి నుంచి ఏం తేవాలో తేల్చేటప్పుడు పిల్లల్ని కూడా అడగండి. పగిలిన బ్యాటు తెస్తానంటే తేనివ్వండి, మీరు తెచ్చిన ఇత్తడి బిందె కూడా ఈ గదిలో పనికొచ్చేదేమీ కాదు. ఒక్కొక్కరికి ఒక పెట్టె, గోడకు ఒక మేకు ఇచ్చి, వాళ్ల పెట్టె వాళ్లను అడగకుండా తెరవకండి. ఎదిగిన ఆడపిల్ల ఉంటే పాత చీరతోనైనా ఒక తెర కట్టండి, ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. రాత్రి ఒక గంట టీవీ కట్టేసి, ఆ గంటలో పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గించండి. సాయంత్రం కిందికి దింపండి, కావలసివస్తే మీరూ వెంట దిగండి. నెలకోసారైనా ఊరి జతగాళ్లతో ఫోన్లో మాట్లాడించండి. అన్నిటికన్నా ముందు, వచ్చిన ప్రతి చుట్టం దగ్గరా "మా గతి ఇట్లైంది" అని పిల్లల ఎదుట పాడటం ఆపండి. ఇల్లు చిన్నదని పిల్లలకు కంటితో తెలుస్తుంది, అది సిగ్గుపడాల్సిన సంగతి అని మాత్రం మన నోటి నుంచే తెలుస్తుంది.

టీసీ రాలేదని కొత్తచోటి సర్కారు బడిలో చేర్చుకోకపోతే వెనక్కి రాకండి. విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపడానికి వీల్లేదు.

ముంపు కుటుంబాలకు ఇంకో మాట. 1981లో శ్రీశైలం జలాశయం కింద పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ఖాళీ అయినప్పుడు, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. దేవుడికి దక్కిన ఆ శ్రద్ధలో పదోవంతు పిల్లల ఆటస్థలాలకు దక్కలేదు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్‌లో మాత్రం పునరావాస కాలనీలో ఉండాల్సిన వాటి కింద బడి, అంగన్‌వాడీతో పాటు పిల్లల ఆటస్థలం, ప్రతి యాభై కుటుంబాలకు ఒక చెట్టు గద్దె అని కూడా రాసి ఉంది. చర్లగూడెం రిజర్వాయర్ అయినా ఉదండాపూర్ రిజర్వాయర్ అయినా, పరిహారం లక్షల లెక్క తేల్చుకునే రోజునే ప్లాట్ల నక్షా కూడా పరిచి, ఆ రెండూ ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమని అడగండి. అడగకపోతే ప్లాట్లన్నీ పోగా మిగిలిన మూలనే ఆటస్థలం అంటారు, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేదీ ఆ మూలలోనే.