మొదటి ఏడాది లెక్కలు దాటేయొచ్చా?

ఈసెట్ ర్యాంకులు వచ్చాయంటే మా కంబదూరులో నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "పిల్లకు నేరుగా రెండో సంవత్సరంలో సీటొస్తాదంట. మొదటి సంవత్సరం లెక్కలు చదవకుండా పోతే తట్టుకుంటాదా టీచరమ్మా?" లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి నన్నడుగుతారు. అడిగేది తల్లులే. తండ్రులు ఫీజు గురించి అడుగుతారు!

పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరతారని మీకు తెలిసిందే. అనంతపురం జేఎన్‌టీయూ 2023లో తెచ్చిన సిలబస్‌లో మొదటి ఏడాది లెక్కల పేపర్లు రెండు. ఒకటి లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్. రెండోది డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ కాలిక్యులస్. నేరుగా రెండో ఏడాదిలో చేరిన పిల్లకు ఈ రెండూ ఉండవు.

"ఒక ఏడాది మిగులుతాది గదా" అంటారు. వేళ్లమీద లెక్కపెట్టి చూడండి. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, మొత్తం ఆరేళ్లు. డిప్లొమా మూడు, ఆపైన బీటెక్ మూడు, అదీ ఆరే. మిగిలిందని మనం అనుకునే ఏడాది పాలిటెక్నిక్‌లో ముందే ఖర్చయిపోయింది. డిప్లొమా అయినవాళ్లు ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్ రాసి మొదటి సంవత్సరంలోనూ చేరొచ్చు. అప్పుడు ఏడేళ్లవుతుంది. ఇంట్లో గొడవంతా ఆ ఏడో ఏడు గురించే. వాన మొహం చాటేసి శెనక్కాయ చేను ఎండిన సంవత్సరం హాస్టలు డబ్బు ఎక్కణ్నుంచి తేవాలి? మగపిల్లాడికైతే "ఇంకో ఏడాది చదవనీలే" అంటారు. ఆడపిల్ల అనేసరికి చుట్టాలందరికీ సంబంధాలు గుర్తొస్తాయి.

అందుకే నేను రెండో సంవత్సరంలోనే చేర్చమని చెబుతాను. అయితే లెక్కలు వదిలిపోయాయని మాత్రం అనుకోకూడదు. అవి రెండో ఏడాది గుమ్మంలో కూర్చుని ఉంటాయి.

అసలీ కాలిక్యులస్ ఏమిటని అడిగే తల్లులకు నేను వాన సంగతే చెబుతాను. మన జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 500, 550 మిల్లీమీటర్ల మధ్య. అది మొత్తం కూడిక. ఏ వారం ఎంత వేగంతో పడిందన్నది వేరే లెక్క. మొత్తం సరిపోయినా పూత, ఊడలు దిగే వేళ చుక్క పడకపోతే చేను చేతికి రాదు. ఒక్కో క్షణం మార్పు వేగం ఎంతో చెప్పేది డిఫరెన్షియేషన్, చిన్నచిన్న ముక్కలు కూడి మొత్తం తేల్చేది ఇంటిగ్రేషన్.

ఇవి డిప్లొమాలోనూ నేర్పుతారు. కాకపోతే అక్కడ సూత్రం కంఠస్థం చేసి జవాబు రాబట్టడమే ఎక్కువ. ఈసెట్ కూడా అలాంటిదే. మూడు గంటల్లో 200 ప్రశ్నలు, అందులో 50 లెక్కలవి. ఒక్కో ప్రశ్నకు నిమిషం కూడా ఉండదు. అందులో మంచి ర్యాంకు వచ్చిందంటే చెయ్యి చురుగ్గా ఉందని అర్థం. సంగతి బుర్రకెక్కిందా లేదా అన్నది ఆ ర్యాంకు చెప్పదు.

ఏ బ్రాంచి అన్నదాన్నిబట్టి దెబ్బ మారుతుంది. మా వీధిలో ఒకమ్మాయి ఎలక్ట్రికల్‌లో చేరింది. వెళ్లీ వెళ్లగానే ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్ థియరీ ఎదురైంది. అందులో మొదటి వారం నుంచే డైవర్జెన్స్, కర్ల్. బావిలో ఊట ఒక చోట నుంచి ఎంత పైకుబుకుతోందో చూడటం లాంటిది డైవర్జెన్స్. నీళ్లు ఎంత సుడి తిరుగుతున్నాయో చూసేది కర్ల్. తక్కినవాళ్లు ఇవి కిందటేడే చదివారు గనక లెక్చరరు ఆగి చెప్పలేదు. దసరా సెలవులకొచ్చి "నాకు బుర్ర లేదాంటీ" అని ఏడ్చింది. బుర్ర ఉంది, రెండు అధ్యాయాలు లేవు, అంతే! ఆ సెలవుల్లోనే కూర్చుని చదివి దారిలో పడింది.

సివిల్ వాళ్లకు దూలం ఎంత వంగుతుందో కట్టేచోట ఇంటిగ్రేషన్ తగులుతుంది. కంప్యూటర్స్ వాళ్లకు రెండో ఏడాదిలో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ ఉంటుంది కాబట్టి వెంటనే తెలియదు. మెషిన్ లెర్నింగ్ దగ్గరికొచ్చాక పార్షియల్ డెరివేటివ్స్ అడ్డంపడతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకూ ఈ సందేహం ఉంది. అక్కడ హైస్కూల్లోనే ఏపీ కాలిక్యులస్ అని రాస్తారు (ఆ ఏపీ మన ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్). దాంట్లో బీసీ అనే పరీక్షలో అయిదుకు అయిదు వస్తే ఎంఐటీలో మొదటి కాలిక్యులస్ కోర్సు మినహాయిస్తారు. అంటే ఆ పాఠం స్కూల్లోనే చదివేసిన పిల్లకు ఆ మినహాయింపు. మన ఈసెట్ పిల్లకు పాఠం చదవకుండానే మినహాయింపు దొరుకుతోంది. తేడా అక్కడే ఉంది.

మరి పిల్ల నిలబడుతుందో లేదో తెలిసేదెలా? సీనియర్ల దగ్గర మొదటి ఏడాది పాత ప్రశ్నపత్రాలు రెండు తెప్పించండి. మూడు గంటలు గడియారం పెట్టి, పుస్తకం లేకుండా రాయమనండి. సగం రాసిందంటే బెంగ అక్కర్లేదు. డబుల్ ఇంటిగ్రల్స్ దగ్గర కలం ఆగిందంటే అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. పార్షియల్ డెరివేటివ్స్, డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్, ఆ తర్వాత గ్రేడియెంట్, డైవర్జెన్స్, కర్ల్, చివర గ్రీన్, స్టోక్స్, గాస్ సిద్ధాంతాలు. ఈ వరసలోనే చదవాలి. ఐఐటీ వాళ్ల ఎన్‌పీటెల్ పాఠాలు ఫోన్లో ఉచితంగా వస్తాయి. కొన్ని కాలేజీలు బ్రిడ్జి క్లాసులు పెడతాయి. కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేముందే ఆ సంగతి కనుక్కోండి.

ఈసెట్ అయ్యాక క్లాసులు మొదలయ్యేలోపు చేతిలో రెండు నెలలుంటాయి. సరిగ్గా అప్పుడే మనకు శెనక్కాయ విత్తే పని. ఇంటిల్లిపాదీ కూర్చుని విత్తనం కాయలు ఒలుస్తుంటాం. పిల్లను ఆ పనికి పిలవొద్దని నేననను, ఎవరూ వినరు కూడా. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రం పిలవకండి.