భూగర్భజలాల్లో పెట్రోలియం కాలుష్యం: కాలక్రమ ధోరణుల విశ్లేషణ

భూగర్భజలాల్లో చేరిన పెట్రోలియం కాలుష్యం తగ్గుతున్నదా, పెరుగుతున్నదా అన్నది ఒక్క నీటి నమూనాతో తేలదు. ఒకే బావిలో ఏళ్ళ తరబడి తీసిన కొలతలను వరుసగా పరిశీలించాలి. ఇందుకు మాన్-కెండాల్ పరీక్షను విస్తృతంగా ఉపయోగిస్తారు. ఇందులో ప్రతి కొలతను తరువాతి కొలతలన్నింటితో పోలుస్తారు. పెరుగుదలకు +1, తగ్గుదలకు −1, సమానమైతే 0 వేసి కూడుతారు. 4 కొలతలకు 6 జతలు ఏర్పడతాయి. అన్నింటా తగ్గుదలే ఉంటే మొత్తం −6 అవుతుంది.

అయితే మొత్తం రుణాత్మకమైనంత మాత్రాన నీరు శుద్ధమైనట్లు కాదు. నీటిమట్టం పెరిగినప్పుడు బావిలో తేలే చమురు పొర పలచబడవచ్చు. మట్టం తగ్గగానే తిరిగి కనిపించవచ్చు. కాబట్టి గాఢతతో పాటు నీటిమట్టాన్నీ నమోదు చేయాలి.

ఏ పదార్థాన్ని కొలుస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, బెమిడ్జి సమీపాన 1979 ఆగస్టులో పైపులైను పగిలి సుమారు 17 లక్షల లీటర్ల ముడిచమురు ఒలికింది. 1983 నుండి అక్కడ పరిశోధనలు సాగుతున్నాయి. సూక్ష్మజీవులు బెంజీన్‌ను విచ్ఛిన్నం చేస్తున్నా, చమురు పాక్షికంగా విచ్ఛిన్నమై ఏర్పడిన సేంద్రియ పదార్థాలు నీటిలో బెంజీన్ కంటే ఎక్కువ దూరం వ్యాపించాయని అవి వెల్లడించాయి. బెంజీన్‌ను మాత్రమే కొలిస్తే ఇవి లెక్కలోకి రావు. అందువల్ల ఆ నీరు తాగడానికి యోగ్యమని నిర్ణయించే ముందు, ఏవి కొలిచారో, ఏవి కొలవలేదో రెండింటినీ పరిశీలించాలి.