పికప్పు బండికి పాత డీజిలు ఇంజను కొనుట: రైతులు గమనింపవలసిన సంగతులు

నేడు పల్లెలలో పలువురు రైతు సోదరులకు సొంత పికప్పు బండి కలదు. తెల్లవారకముందే కూరగాయలను రైతు బజారుకు చేర్చుటకు, మిరప బస్తాలను గుంటూరు యార్డుకు తోలుటకు, ఎరువులు, విత్తనములు ఇంటికి తెచ్చుకొనుటకు ఈ బండియే ఆధారము. ఇట్టి బండి పది పదిహేను ఏండ్లు నడచిన పిమ్మట, బాడీ, ఛాసిస్ గట్టిగానే ఉన్నను, ఇంజను మూలుగుట మొదలిడును. ఎత్తు ఎక్కదు, పొగ చిమ్మును, ఆయిలు త్రాగును. కొత్త బండి కొనుటకు లక్షల రూపాయలు కావలెను. కనుక “ఎక్కడనైనా పాత డీజిలు ఇంజను చౌకగా దొరికినచో దీనిలో వేయింతుము” అని రైతు తలచుట సహజము.

ఈ ఆలోచన తప్పు కాదు. అయితే చౌకగా దొరికిన ఇంజనెల్ల చౌక కాదు. సరిపోని ఇంజను కొనినవారు దానిని అమర్చుటకే ఇంజను ధరంత మరల వెచ్చించవలసి వచ్చును. కాగితములు లేని ఇంజను కొనినవారు బండినే పోగొట్టుకొనవచ్చును. కాబట్టి బయానా ఇచ్చుటకు ముందే ఈ క్రింది సంగతులు తెలిసికొనుడు.

మొదట మీ ఇంజనునే పరీక్షింపుడు

ఇంజను బలము తగ్గినంత మాత్రమున అది పనికిరాదని అనుకొనరాదు. గాలి ఫిల్టరు మూసికొనిపోయినను, ఇంజెక్టర్లు చెడినను, ఇంజక్షన్ పంపు సర్దుబాటు తప్పినను బండి ఈడ్వదు, నల్లపొగ వచ్చును. వీటిని కొద్ది ఖర్చుతో సరిచేయవచ్చును.

మెకానిక్కుచే నాలుగు సిలిండర్ల కంప్రెషను కొలిపింపుడు. నాలుగింటికి దాదాపు ఒకే అంకె రావలెను. అన్నిటిలోను తగ్గినచో రింగులు, లైనర్లు అరిగినవని అనుమానింపవచ్చును. ఒకదానిలో మాత్రమే తగ్గినచో వాల్వు గాని, హెడ్ గ్యాస్కెట్టు గాని చెడియుండవచ్చును. ఆయిలు గేజీ పుల్లను తీసి చూడుడు. ఆయిలు మజ్జిగవలె తెల్లబడియున్నచో నీరు కలియుచున్నదని గ్రహింపవలెను.

లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి, క్రాంకుషాఫ్టును లేతుషాపులో సానపట్టించినచో పెక్కు ఇంజన్లు మరల చాలకాలము పనిచేయును. ఇట్లు బాగుచేసినచో ఇంజను నెంబరు మారదు. రిజిస్ట్రేషను చిక్కులుండవు. బ్లాకు పగిలినప్పుడు, కనెక్టింగు రాడ్డు విరిగి బ్లాకును చీల్చినప్పుడు, లేదా బాగుచేత ఖర్చు వేరొక మంచి ఇంజను ఖర్చును మించినప్పుడు మాత్రమే ఇంజను మార్చుటను గురించి ఆలోచింపవలెను.

ఏ ఇంజను వెదకవలెను?

దీనికి సూత్రమొక్కటే. మీ బండి కర్మాగారము నుండి ఏ ఇంజనుతో వచ్చినదో అదే తయారీ, అదే రకము ఇంజనును వెదకుడు. ఇది చట్టమునకు సరిపోవును, ఖర్చునకును సరిపోవును. మౌంటింగులు, బెల్ హౌసింగు, ఫ్లైవీలు, క్లచ్చి, గేరుపెట్టె, రేడియేటరు గొట్టములు అన్నియు ఉన్నచోటనే అమరును.

ఒక ఉదాహరణము చూడుడు. మహీంద్రా కంపెనీవారు మన దేశమున 1947లో జీపుల కూర్పు ఆరంభించిరి. మొదటి జీపులకు పెట్రోలు ఇంజన్లుండెడివి. డీజిలు జీపులు వచ్చిన పిదప వేర్వేరు కాలములలో వేర్వేరు ఇంజన్లు వేసిరి. ట్రాక్టరు ఇంజను వంశమునకు చెందినది ఒకటి. పూజో రకపు 2112 సి.సి. ఇంజను మరొకటి. 88.9 మిల్లీమీటర్ల బోరు, 101.6 మిల్లీమీటర్ల స్ట్రోకు గల 2523 సి.సి. డి.ఐ. ఇంజను వేరొకటి. పైకి బండ్లు ఒక్కతీరుగనే కనబడును గాని, ఒకదాని ఇంజను మరొకదానిలో నేరుగా కూర్చొనదు.

సి.సి. ఒకటైనంత మాత్రమున ఇంజను ఒకటే యనియు నమ్మరాదు. పై 2523 సి.సి. కొలతలోనే ముందు మెకానికల్ పంపుతో నడచునది, తరువాత కామన్ రైల్ పద్ధతిలో నడచునది, రెండు రకములు వచ్చినవి. కామన్ రైల్ ఇంజనులో డీజిలు ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో కంప్యూటరు పెట్టె నిర్ణయించును. దానికి సెన్సార్లు, వైరింగు, తాళముతో కలిసిన సంకేతములు అన్నియు కావలెను. ఇంజను మాత్రమే తెచ్చి పాత బండిలో వేసినచో అది స్టార్టు కాదు. 2017 ఏప్రిల్ నుండి బి.ఎస్. 4, 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 ప్రమాణములు దేశమంతట అమలులోనికి వచ్చినవి. బి.ఎస్. 6 ఇంజన్లకు పొగను శుద్ధిచేయు భాగములు కూడ జతపడియుండును. ఇట్టివాటిని పాత బండ్లకు తగిలించు ప్రయత్నము రైతు చేయదగినది కాదు.

పంపుసెట్టు ఇంజను, ట్రాక్టరు ఇంజను

“ఇంట నున్న ఆయిలింజనును బండికి తగిలింపవచ్చునా?” అని అడుగువారు కలరు. పనికిరాదు. నీరు తోడు ఇంజను ఒకే వేగముతో నిలుకడగా తిరుగుటకు చేయబడినది. రోడ్డుమీది బండికి వేగము క్షణక్షణము మారవలెను. ట్రాక్టరు ఇంజను బలమైనదే గాని, బరువెక్కువ, తిరుగుడు వేగము తక్కువ. పికప్పు గేరుపెట్టెతో కలిపినచో బండి వేగమందుకొనదు. ముందు స్ప్రింగులపై, స్టీరింగుపై బరువు పడును. చట్టరీత్యా కూడ ఇట్టి మార్పులకు అనుమతి రాదు.

ఇంజన్లు ఎక్కడ దొరకును?

విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల విప్పిన బండ్ల ఇంజన్లు అమ్మువారు, వాటిని బాగుచేయువారు ఒకేచోట ఉందురు. నాలుగు అంగళ్ళు తిరిగి ధరలు పోల్చి చూచుకొనుటకు వీలగును. ప్రమాదములో పాడైన బండ్లను బీమా కంపెనీల వేలములోను, పాత ప్రభుత్వ బండ్లను శాఖల వేలములోను కొనినవారి యొద్దను ఇంజన్లు దొరకును. ముందు గ్రుద్దుకొనిన బండికన్న వెనుకనుండి దెబ్బతిన్న బండి ఇంజను మేలు. అన్నిటికంటె మంచిది, విప్పక ముందే బండిలో నడచుచుండగా చూచి కొనుట.

కొనునప్పుడు మీ మెకానిక్కును వెంట తీసికొనిపొండు. ఆయనకిచ్చు రోజుకూలి వృథా పోదు. ఈ క్రింది పరీక్షలు చేయింపుడు.

1. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయవలెను. మీరు వెళ్ళునప్పటికే వేడిగా ఉన్నచో అనుమానింపుడు. చల్లారిన పిమ్మట మరల చూడుడు.

2. పొగ రంగు చూడుడు. నీలిపొగ ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. ఆగని నల్లపొగ గాలి చాలలేదనియో డీజిలు ఎక్కువైనదనియో తెలుపును. వేడెక్కిన తరువాతను తెల్లపొగ వచ్చుచున్నచో డీజిలు సరిగా కాలుట లేదు, లేదా నీరు లోనికి పోవుచున్నది.

3. ఇంజను నడచుచుండగా ఆయిలు పోయు మూత తీయుడు. అచ్చటినుండి పొగ బుస్సుమని తన్నుచున్నచో రింగులు అరిగినవి.

4. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి స్టార్టు చేయింపుడు. నీటిలో బుడగలు తెంపు లేక వచ్చుచున్నచో హెడ్ గ్యాస్కెట్టు గాని, హెడ్డు గాని చెడినది. వేడెక్కిన రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు.

5. బాగుగా వేడెక్కిన తరువాత, నెమ్మదిగా తిరుగునప్పుడు ఆయిలు ప్రెషరు పడిపోకుండ నిలువవలెను. పడిపోయినచో బేరింగులు అరిగియుండవచ్చును.

6. ఇంజక్షన్ పంపు, స్టార్టరు, ఆల్టర్నేటరు, ఫ్లైవీలు, మౌంటింగు బ్రాకెట్లు ఇంజనుతో వచ్చునో లేదో వ్రాసికొనుడు. ఇంజక్షన్ పంపు లేని ఇంజను ఎంత చౌకగా ఇచ్చినను చౌక కాదు.

నడిపించి చూపని ఇంజనును ఇనుము ధరకు మించి కొనవలదు.

కాగితములు ముందు, డబ్బు తరువాత

ప్రతి ఇంజను బ్లాకుమీద నెంబరు కొట్టబడియుండును. ఆ నెంబరే ఆర్.సి.లో ఉండును. ఆకురాయితో రుద్దిన నెంబరు, మరల కొట్టినట్లు కనబడు నెంబరు గల ఇంజనును ముట్టుకొనవద్దు. అది దొంగసొత్తని తేలినచో పోలీసులు ఇంజనును, దానితోపాటు మీ బండిని పట్టుకొందురు. మీరు ఇచ్చిన డబ్బు తిరిగి రాదు.

అమ్మువాని యొద్ద ఇంజను నెంబరు వేసిన రశీదు, ఆ ఇంజను ఏ బండినుండి తీసినదో ఆ బండి ఆర్.సి. నకలు, ఆ బండి రిజిస్ట్రేషను రద్దయినచో ఆ కాగితము తీసికొనవలెను. పూర్తిగా పాడైన బండి సంగతిని యజమాని 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని చట్టము. కనుక సక్రమముగా విప్పిన బండికి ఇట్టి కాగితముండుట న్యాయము.

ఇక మీ బండి సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. ఇంజను మార్చదలచినచో ముందుగా రవాణా శాఖ అధికారి అనుమతి పొందవలెను. మార్చిన పిమ్మట 14 దినములలో తెలియజేసి, ఆర్.సి.లో కొత్త నెంబరు వ్రాయించుకొనవలెను. అనుమతింపబడని మార్పు చేసిన యజమానికి 182-ఎ సెక్షను క్రింద ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. పెట్రోలు బండిలో డీజిలు ఇంజను వేయదలచినవారు వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఒక్క బోల్టును కూడ విప్పరాదు.

ఆర్.సి.లో నెంబరు మారిన వెంటనే బీమా కంపెనీకి కూడ తెలిపి పాలసీలో దిద్దించుకొనుడు. ప్రమాదము జరిగిన నాడు బండిలోని ఇంజను నెంబరొకటి, కాగితములోనిది మరొకటి అయినచో పరిహారము చిక్కులో పడును. ఆ భారము ఒక పంటతో తీరునది కాకపోవచ్చును. ఫిట్‌నెసు పరీక్షకు పోయినప్పుడు కూడ ఈ నెంబర్లనే సరిచూతురు.

మొత్తము లెక్క వేయుడు

ఇంజను ధర ఒక్కటే ఖర్చు కాదు. కొత్త క్లచ్చి ప్లేటు, మౌంటింగు రబ్బర్లు, గొట్టములు, బెల్టులు, గ్యాస్కెట్లు, ఫిల్టర్లు, ఆయిలు, రవాణా, మెకానిక్కు కూలి, ఆఫీసు రుసుములు అన్నియు కలుపవలెను. లెక్క తెలియుటకై ఇంజను 60,000 రూపాయలు, మిగిలినవి 30,000 రూపాయలు, మొత్తము 90,000 అనుకొందము. బండి ఏడాదికి 12,000 కిలోమీటర్లు నడచును. పాత ఇంజను లీటరుకు 8 కిలోమీటర్లు ఇచ్చుచుండెను. మార్చినది 10 ఇచ్చును. అప్పుడు 1,500 లీటర్లకు బదులు 1,200 లీటర్లు చాలును. లీటరు 100 రూపాయలని పట్టినచో ఏటా 30,000 రూపాయలు మిగులును. పెట్టుబడి తిరిగి వచ్చుటకు మూడేండ్లు పట్టును. మీ బండి ఛాసిస్ ఇంకను మూడేండ్లకు మించి నిలుచునా? అట్లు నిలువదని తోచినచో ఆ డబ్బును కొత్త బండికై దాచుట మేలు. మీ యొద్ద నున్న అసలు అంకెలతో ఈ లెక్కను మీరే వేసి చూచుకొనుడు.

అమర్చునప్పుడు

డీజిలు ట్యాంకును కడిగించి, ఫిల్టర్లు మార్చి, గొట్టములలోని గాలిని పూర్తిగా తీయింపవలెను. రేడియేటరును శుభ్రము చేయింపవలెను. ఉడికిపోవు ఇంజను ఎంత మంచిదైనను ఎక్కువకాలము నిలువదు. బ్రేకు బూస్టరుగల డీజిలు బండ్లకు గాలిని లాగు వాక్యూము పంపు వేరుగా ఉండును. దానిని మరచి బిగించినచో బ్రేకు బిగుసుకొని, తొక్కినను బండి ఆగుట కష్టమగును. ఖాళీ బండితో ఊరి దగ్గర బ్రేకు పరీక్షించిన తరువాతనే లోడు వేయుడు. బాగుచేసిన ఇంజనుకు మొదటి దినములలో తేలిక లోడులే వేసి, మెకానిక్కు చెప్పిన గడువుకు ఆయిలు మార్చవలెను.

రైతు సోదరులారా! ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, నడిపించి, కాడి కట్టి చూచిన తరువాతనే బేరమాడుదుము. ఇంజను కొనునప్పుడును అట్లే చేయుడు. మీ బండి రకమునే వెదకి, నడిపించి చూచి, కాగితము చేతికి వచ్చిన తరువాత డబ్బు చెల్లింపుడు.