పత్తి తీతకు రోజు కూలా? కిలో లెక్కా?

పత్తి పగిలే రోజుల్లో రైతు ఇంట మొదట వచ్చే తర్జనభర్జన ఇదే. రోజు కూలికి పిలిస్తే చేయి సాగదంటాం. కిలో లెక్కకు ఇస్తే ఎండాకు, చెత్త కలిపి దూసి పోస్తారంటాం. రెండూ నిజమే. కానీ నేరమంతా కూలీలదే అంటే ఒప్పుకోలేం. మీరు దేనికి డబ్బు ఇస్తారో చేతులు దానికే కదులుతాయి. సొంత చేను పని తీరాక పక్క చేనుకు కూలికి వెళ్ళే మీలో చాలామందికి ఇది తెలియని సంగతి కాదు.

కిలో లెక్కలో మీరిచ్చేది బరువుకు. తెల్లవారి మంచు మీద తీసిన పత్తి ఎక్కువ తూగుతుంది. ఆ తేమకు మీరే కూలి కట్టి, మళ్ళీ మార్కెట్లో మీరే కోత పెట్టించుకుంటారు. భారత పత్తి సంస్థ (సి.సి.ఐ.) పూర్తి మద్దతు ధర ఇచ్చేది తేమ 8 శాతం దాకానే. ఆపైన ధరలో కోత. 12 శాతం దాటితే అసలు కొనదు. కాబట్టి మంచు ఆరాకే చేలో దిగమని చెప్పాలి. అయితే అలా ఆగిన గంటా రెండు గంటలూ కూలీల సంపాదనలో తరుగే. దాన్ని రేటులో చూడకుండా ఉత్త మాట చెబితే ఎవరు వింటారు?

అన్నిటికన్నా చెడ్డది మధ్యలో రేటు తగ్గించడం. సాయంత్రం కాటా దగ్గర "ఇవాళ బాగానే తూగిందిగా, కాస్త తగ్గించుకోండి" అన్నారనుకోండి, మర్నాడు ఆ చేతులు అంత చురుగ్గా ఆడవు. బ్రిటన్‌లోని ఒక పండ్ల తోటలో 2002లో ఇది లెక్కలతో సహా తేలింది. అక్కడ అందరూ కలిసి సగటున ఎక్కువ కోస్తే ఆ రోజు కిలో రేటు తగ్గేది. గట్టిగా కోసినవాళ్ళు పక్కవాళ్ళ కూలికి గండి కొట్టినట్టయ్యేది. అందుకని, స్నేహితులు పక్కన ఉంటే మరీను, నెమ్మదిగా కోసేవారు. సీజను మధ్యలో ఆ పద్ధతి తీసేసి, సగటుతో ముడిపెట్టకుండా రేటు ముందే చెప్పారు. అదే మనుషులు 50 శాతానికి పైగా ఎక్కువ కోశారు!

ఇక మన పొరుగున ఒడిశా సంగతి. ఒకే పని చేసే ముగ్గురేసి కూలీల జట్లపై అక్కడ జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. కారణం తెలియకుండా ఒకరికొక కూలి ఇచ్చిన జట్లలో పని తగ్గింది, హాజరు 18 శాతం దాకా పడిపోయింది. ఎవరు ఎక్కువ చేస్తున్నారో అందరికీ కళ్ళకు కనిపించిన చోట మాత్రం తేడాను ఎవరూ తప్పు పట్టలేదు. కనుక ఒకరికి చాటుగా పది రూపాయలు ఎక్కువ ముట్టజెప్పకండి. అందరి ఎదుటే తూచండి. ఖాళీ సంచిని కూడా వాళ్ళ ముందే తూచి, అంతే తీసేయండి.

చివరి తీతలో కాయలు పల్చబడతాయి. రోజంతా వంగినా మొదటి తీతలో సగం రాకపోవచ్చు. పాత రేటుకు రానన్నవాళ్ళను ఏమనగలం? కిలో లెక్క పనిలోనైనా కనీస కూలికి తగ్గకూడదని 1948 కనీస వేతనాల చట్టమే చెప్పింది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. కాబట్టి చివర్లో రేటు పెంచాలి, లేదా రోజు కూలికి మారాలి. ఏది చేసేదీ మొదటి తీత నాడే చెప్పేయండి. మేస్త్రీ ఒక్కడితో కాదు, చేలోకి వచ్చిన అందరితో.