నిప్పు మన శత్రువు కాదు: పచ్చి తిండితో బరువు తగ్గడంపై అపోహలు – వాస్తవాలు

పొయ్యి ఎక్కనిది, పశువు నుంచి రానిది మాత్రమే తింటే నెలా రెండు నెలల్లో ఒళ్లు తేలికపడుతుందన్న మాట ఇప్పుడు కృష్ణా జిల్లా పామర్రు చుట్టుపక్కల చాలా ఇళ్లలో వినిపిస్తోంది. పొద్దున మొలకలు, మధ్యాహ్నం కూరగాయ ముక్కలూ కొబ్బరీ, పొద్దుగూకేలోపు పండ్లు. అన్నం లేదు, పప్పు లేదు, పెరుగు లేదు, చివరికి పలుచని మజ్జిగ కూడా లేదు.

ఇలా మొదలుపెట్టినవాళ్లను తప్పుపట్టలేం. బరువు తగ్గాల్సిన అవసరం నిజంగానే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36.3 శాతం మంది, మగవాళ్లలో 31.1 శాతం మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారని తేలింది. కాలువ నీళ్లతో రెండు పంటలు చూసిన డెల్టాలో మూడు పూటలా తెల్లన్నం తినడం అలవాటైపోయింది. పొలం పని యంత్రాలకు వెళ్లింది, తిండి మాత్రం అలాగే ఉంది. కాబట్టి కూరగాయలు పెంచి, అన్నం తగ్గించి ఎవరు ఏం చేసినా ముందు మెచ్చుకోవాలి. అయితే బరువు ఎందుకు తగ్గుతోందన్నదానికి జనం చెప్పుకుంటున్న కారణాలు చాలావరకు సరైనవి కావు. కారణం తప్పుగా తెలిస్తే ఎక్కడ ఆగాలో తెలియదు. నా భయమంతా దాని గురించే.

అపోహ: ఇది మొన్న మొన్న విదేశాల నుంచి వచ్చిన పద్ధతి.

కాదు. మన దేశంలో ప్రకృతి వైద్యం వేళ్లూనుకున్నదే తెలుగు పుస్తకంతో. జర్మనీకి చెందిన లూయీ కూనె రాసిన వైద్య గ్రంథాన్ని 1894లో డి. వెంకటచలపతి శర్మ తెలుగు చేశారు. ఇతర భారతీయ భాషల్లోకి ఆ పుస్తకం ఆ తర్వాతే వెళ్లింది.

1929 మే నెలలో ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశం తిరుగుతూ రాజమహేంద్రవరం వచ్చిన గాంధీకి అక్కడ సుందరం గోపాలరావు అనే ప్రకృతి వైద్యాభిమాని తారసపడ్డారు. నిప్పు తగలని ఆహారమే రోగాలకు మందు అన్నది ఆయన నమ్మకం. గాంధీ ఆ మాట పట్టుకుని వెంటనే ప్రయోగం మొదలుపెట్టారు. రోజుకు ఎనిమిది తులాల మొలకెత్తిన గోధుమలు, ఎనిమిది తులాల బాదం ముద్ద, ఎనిమిది తులాల నూరిన ఆకుకూర, ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె. తేనె ఒక్కటి పక్కన పెడితే ఈనాడు వీగన్, అంటే పశువు నుంచి వచ్చేదేదీ లేని, పచ్చి తిండి అంటున్నది అదే. తులం అంటే పన్నెండు గ్రాములకు కాస్త తక్కువ. ఆ జాబితా మొత్తాన్ని ఇప్పటి లెక్కల ప్రకారం కూడితే వెయ్యి కెలోరీల దగ్గరే ఆగుతుంది. అరవైకి దగ్గరపడిన వయసులో, ఊరూరా తిరిగే మనిషికి అది చాలీచాలని తిండి. ఆగస్టులో జిగట విరేచనాలు పట్టుకుని బాగా నీరసించాక ఆయన ప్రయోగం ఆపి మళ్లీ మేకపాలు తీసుకున్నారు. తాను నమ్మిన పద్ధతిని ఒంటిమీద పరీక్షించి, పనికిరాలేదని తేలినప్పుడు ఆ సంగతి పత్రికలో రాసి లోకానికి చెప్పడం గాంధీ గొప్పతనం. ఆయన ప్రయోగం మొదలుపెట్టిన సంగతి చెప్పేవాళ్లు ఆపిన సంగతి కూడా చెప్పాలి.

మన కాలంలో మొలకలను డెల్టా ఇళ్లలోకి తెచ్చిన ఘనత ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజుది. విజయవాడకు ఎదురుగా ఉండవల్లి కరకట్ట మీద ఉన్న ఆయన ఆరోగ్యాలయం సంగతి తెలియని కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు. అయితే ఆయన పద్ధతిలోనూ మధ్యాహ్నం పుల్కాలు, ఉప్పూ నూనే లేకుండా ఉడికించిన కూరలు ఉంటాయి. పొద్దున మొలకల సంగతి విని, మధ్యాహ్నం కూర సంగతి మరిచి, మొత్తం పచ్చిదే తినాలని తీర్మానించుకున్నవాళ్లు ఎందరో.

అపోహ: నిప్పు తగిలితే సారమంతా పోద్ది. పచ్చిదాంట్లో ఎంజైములు బతికే ఉంటాయి, అవే కొవ్వు కరిగిస్తాయి.

ఉడికిస్తే కొంత పోతుంది, నిజమే. సి విటమిన్ వేడికి తగ్గుతుంది, నీళ్లలోకి దిగిపోతుంది. అందుకే జామకాయ, ఉసిరికాయ, నిమ్మరసం పచ్చిగా తీసుకోవడమే మంచిది. కానీ టమాటాలోని లైకోపీన్, క్యారెట్‌లోని బీటా కెరోటీన్ ఉడికించి, కాస్త నూనె చుక్క తగిలితేనే ఒంటికి బాగా పడతాయి. పప్పుగింజల్లో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థాలు వేడికే విరుగుతాయి. ఇక ఎంజైముల మాట. ఆకులోని ఎంజైములు ఆకు అవసరాల కోసం ఉన్నవి. మన పొట్టలోని ఆమ్లం తగలగానే వాటిలో చాలామటుకు మిగతా మాంసకృత్తుల్లాగే విచ్ఛిన్నమైపోతాయి. మనకు కావలసిన ఎంజైములను మన లాలాజలం, కడుపు, క్లోమం తయారుచేసుకుంటాయి. ఒంట్లో కొవ్వును కరిగించే ఎంజైమ్ ఏ కూరగాయలోనూ లేదు.

మరి బరువు ఎందుకు తగ్గుతోంది? పావుకిలో బియ్యం వండుకుని తింటే సుమారు 875 కెలోరీలు వస్తాయి. అదే పావుకిలో కీర దోసకాయల్లో నలభై కూడా ఉండవు. కడుపు నిండుతుంది, శక్తి అందదు. దానికి తోడు ఉడకని పిండిపదార్థం పూర్తిగా అరగదు, నమిలి నమిలి దవడలు అలసిపోయి మనిషి తక్కువ తింటాడు. జంతికలు, బజ్జీలు, స్వీట్లు, టీలో పంచదార ఎలాగూ మానేశాడు. బరువు తగ్గడానికి ఇంతకు మించిన రహస్యం లేదు. అదే లోటు ఉడికించిన కూరతోనూ తెచ్చుకోవచ్చు.

అపోహ: కాటా ముల్లు తగ్గిందంటే కొవ్వు తగ్గినట్టే.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గామని సంబరపడేవాళ్లకు ఈ మాట కష్టంగా ఉండొచ్చు. కాలేయంలో, కండరాల్లో దాదాపు అరకిలో గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఆపగానే ముందు ఖాళీ అయ్యేది అదే. ఉప్పు కూడా మానేస్తే ఇంకాస్త నీరు పోతుంది. ఆ తర్వాత కొవ్వు తగ్గడం మొదలవుతుంది, మాంసకృత్తులు చాలకపోతే దానితోపాటే కండ కూడా. ఏభై దాటినవారికి పోయిన కండ తిరిగి రావడం ఎంత కష్టమో మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది.

పచ్చి తిండి మీద ఏళ్ల తరబడి ఉన్నవాళ్లను జర్మనీలో పరిశీలించారు. 1999లో వెలువడిన ఆ అధ్యయనంలో 216 మంది మగవాళ్లు, 297 మంది ఆడవాళ్లు ఉన్నారు. సగటున మగవాళ్లు దాదాపు పది కిలోలు, ఆడవాళ్లు పన్నెండు కిలోలు తగ్గారు. పచ్చి తిండి ప్రచారంలో ఈ ఒక్క ముక్కే వినిపిస్తుంది. మిగతాది కూడా వినాలి. ఆడవాళ్లలో నాలుగో వంతు మంది బరువు ఉండాల్సినదానికన్నా కిందికి పడిపోయింది. 45 ఏళ్లలోపు స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి నెలసరి గతి తప్పింది, కొందరికి పూర్తిగా ఆగిపోయింది. తిండిలో పచ్చిదాని వాటా పెరిగేకొద్దీ ఈ ఇబ్బందీ పెరిగింది. నెలసరి ఆగడం ఒంట్లో శుద్ధి జరుగుతోందనడానికి గుర్తు అని కొన్ని చోట్ల ధైర్యం చెబుతారు. అమ్మాయిలకు ఈ మాట చెప్పకండి. బిడ్డను మోయడానికి సరిపడా శక్తి లేదని శరీరం చెబుతున్న మాట అది. ఈస్ట్రోజన్ తగ్గితే ఎముకలు పలచబడతాయి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పచ్చి వీగన్ తిండి మీద ఏళ్లుగా ఉన్న 18 మందిని 2005లో పరీక్షిస్తే వెన్నులోనూ తుంటిలోనూ ఎముక సాంద్రత తక్కువగా కనిపించింది. జర్మన్ పరిశోధకులు మరో సంగతి కూడా గమనించారు. పుల్లని పండ్లు రోజంతా తింటూ ఉండేవాళ్లలో దాదాపు అందరికీ పళ్ల పైపొర ఎంతో కొంత అరిగిపోయింది.

అదే 2019–21 సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇప్పటికే పాలిపోయి ఉన్న ఒంటి మీద ఈ ప్రయోగం వద్దు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు అసలే వద్దు.

అపోహ: పచ్చిదైతే ఎంత తిన్నా పర్వాలేదు.

వంద గ్రాముల పచ్చికొబ్బరిలో 350 కెలోరీలు, వేరుశనగల్లో 560కి పైన, ఎండు ఖర్జూరాల్లో 280కి పైన ఉంటాయి. ఉయ్యూరు వైపు చెరకు తీపి గురించి వేరే చెప్పాలా? ఆ రసం ఒక గ్లాసు తాగితే టీలో వేసుకునే పంచదార ఎన్నో చెంచాలు ఒక్కసారే లోపలికి పోయినట్టు. నూజివీడు మామిడిపండ్ల రోజుల్లో భోజనం బదులు పండ్లే అనుకుని తింటూ పోయి బరువు పెరిగినవాళ్లూ ఉంటారు. పీచు తీసేసిన జ్యూసులకన్నా కొరికి తినే పండే మేలు.

అపోహ: మొలకల్లో లేనిది లేదు.

వరి తర్వాత మాగాణుల్లో మినుము, పెసర పండించే ప్రాంతం మనది. పెసలంటే మనకు చిన్నచూపు లేదు. శ్రీరామనవమికి వడపప్పు తినని ఇల్లుందా? నానబెట్టిన పప్పు, మొలకెత్తిన గింజ మంచి తిండే. మొలకెత్తితే సి విటమిన్ పెరుగుతుంది, ఇనుము అందకుండా అడ్డుపడే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. కానీ మొలకెత్తించినంత మాత్రాన మాంసకృత్తులు పెరగవు. అరవై కిలోల మనిషికి రోజుకు ఏభై గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంత ఒక్క పెసల నుంచే రావాలంటే రెండొందల గ్రాములకు పైగా నానబెట్టాలి, అవి ఉబ్బి అరకిలో దాకా అవుతాయి. పచ్చిగా అంత తిని అరిగించుకునే కడుపులు తక్కువ. పొట్ట ఉబ్బరం, గ్యాసు అంటూ వారానికే మానేసేది అందుకే.

అసలు లోటు బి12. ఈ విటమిన్ మొక్కల్లో నమ్మదగినంతగా దొరకదు. మొలకల్లో లేదు, ఆకుకూరల్లో లేదు. స్పిరులినా డబ్బాల మీద రాసి ఉన్నదానిలో చాలామటుకు మన ఒంటికి పనికిరాని రూపం. శాకాహారులకు ఇన్నాళ్లూ దాన్ని అందించింది పాలు, పెరుగు, మజ్జిగ. అవీ మానేస్తే కాలేయంలోని నిల్వ రెండు మూడేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం నెట్టుకొస్తుంది. ఏడాదిగా ఇలాగే తింటున్నాను, నాకేం కాలేదు అనే మాట ఆ నిల్వ మీద చెబుతున్నది. అది అయిపోయాక అరికాళ్ల తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు, నడకలో తూలడం మొదలవుతాయి. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు. జంతుహింస వద్దనుకుని పాలు మానేవాళ్ల నిర్ణయాన్ని గౌరవిస్తాను. వాళ్లు బి12 మాత్ర మాత్రం మానకూడదు.

అపోహ: ప్రకృతి ఇచ్చింది ప్రకృతి సిద్ధంగా తింటే హాని ఉండదు.

2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ప్రమాదకరమైన ఇ.కోలి సూక్ష్మజీవి పాకింది. దాదాపు నాలుగు వేల మంది జబ్బుపడ్డారు, ఏభై మందికి పైగా చనిపోయారు. ఎంతో శుభ్రత పాటించే దేశంలో జరిగిన సంగతి ఇది. గింజ మొలకెత్తడానికి కావలసిన తడీ వెచ్చదనమే సూక్ష్మజీవులకూ కావాలి. మే నెల కృష్ణా జిల్లా ఎండలో తడిగుడ్డలో కట్టి రెండు రోజులు వదిలేసిన మూట వాసన ఎవరికి వారు చూసుకోవచ్చు. జిగురొచ్చినా, పులిసిన వాసనొచ్చినా పారేయాలి. మిగిలిన మొలకలను అయిదు నిమిషాలు ఆవిరి పట్టిస్తే పోయే పోషకాలు కొద్దివే, తప్పే ప్రమాదం పెద్దది.

కాలువ గట్ల వెంట పండే ఆకుకూరలకు ఏ నీళ్లు పారుతున్నాయో మనందరికీ తెలుసు. ఊళ్ల మురుగు కాలువల్లోకి వస్తోంది. ఉడికించేటప్పుడు చచ్చిపోయే క్రిములు, బద్దెపురుగు గుడ్లు పచ్చి ఆకుతో నేరుగా కడుపులోకి వెళ్తాయి. ఆ గుడ్ల నుంచి వెలువడే పిల్లపురుగులు మెదడుకు చేరితే మూర్ఛలు వస్తాయి. మన పెద్దవాళ్లు తోటకూరను పొయ్యి ఎక్కించింది తెలియక కాదు.

సొరకాయ రసం సంగతి మరీ ముఖ్యం. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలుంటాయి. 2010లో ఢిల్లీలో చేదుగా ఉన్న ఆ రసం తాగి ఒక శాస్త్రవేత్త మరణించారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి హెచ్చరిక జారీ చేసింది. చిన్న ముక్క కొరికి చూడండి, చేదుంటే కాయ మొత్తం పారేయండి. ఔషధం చేదుగానే ఉంటుందని గుక్కపట్టి తాగొద్దు. సూపర్‌బజార్లలో అమ్మే కలగలుపు గింజల పొట్లాల్లో రాజ్మా ఉంటే దాన్ని ఏరి పక్కన పెట్టండి. నాలుగైదు పచ్చి రాజ్మా గింజలు చాలు, వాంతులు పట్టుకోవడానికి. దాన్ని బాగా నానబెట్టి మెత్తగా ఉడికించే తినాలి.

అపోహ: పచ్చి తిండి మొదలుపెడితే మందులు మానేయొచ్చు.

బరువు తగ్గితే షుగరు, బీపీ తగ్గుతాయి, మందుల అవసరమూ తగ్గవచ్చు. ఎంత తగ్గించాలో రక్త పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ అదే మోతాదులో వాడుతూ అన్నం ఒక్కసారే ఆపితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు పండ్ల రసాల్లోని పొటాషియం గుండె లయకే ముప్పు, పాలకూర రసంలోని ఆక్జలేట్లు కిడ్నీకి మరో భారం. వారానికి కిలోన్నరకు మించి బరువు పడిపోతే పిత్తాశయంలో రాళ్ల బెడదా ఉంది.

వారానికి అరకిలో చాలు. అంటే రోజుకు అయిదొందల కెలోరీల లోటు. దానికి పొయ్యి ఆర్పనక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన నమూనా పళ్లెంలో రోజు మొత్తానికి బియ్యం, గోధుమ, రాగి అన్నీ కలిపి 250 గ్రాములు. ఇడ్లీ, దోసెల్లోని బియ్యం కూడా ఆ లెక్కలోదే. పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. డెల్టా కంచంతో దీన్ని పోల్చి చూస్తే అన్నం సగానికి తగ్గాలి, కూర రెట్టింపు కావాలి. పొద్దున ఆవిరి పట్టిన మొలకలు, మధ్యాహ్నం ముందుగా ఒక గిన్నెడు కీర, ముల్లంగి, క్యారెట్ ముక్కల మీద నిమ్మరసం పిండుకుని తిని, ఆ తర్వాత గుప్పెడు అన్నం, గిన్నె నిండా ముద్దపప్పూ తోటకూరా, చివర మజ్జిగ. మజ్జిగ వద్దనుకునేవారు బి12 మాత్ర వేసుకుని, ఆర్నెల్లకోసారి హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించుకోవాలి.